కాన్పుకి సైకిలు రూల్సు

మా గోనెసంచుల కార్పొరేషన్‌లో కొత్త కాగితం పుట్టదు. పాత కాగితం చూసి రాయాల్సిందే. ఫ్యాను కొనాలంటే మునుపు ఫ్యాను కొన్న ఫైలు కావాలి. అది దొరక్కపోతే కనీసం గుండ్రంగా తిరిగేది ఏదో ఒకటి కొన్న ఫైలైనా కావాలి. దీన్ని మేము పూర్వోదాహరణ అంటాం. అది లేని నోటు మీద మా పరిపాలనాధికారి త్రిపురాంతకం గారు సంతకం పెట్టరు. కాకినాడ హెడ్డాఫీసులో ముప్పై మూడేళ్లుగా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ చూస్తున్న సూపరింటెండెంటు జగ్గారావును నేను. పూర్వోదాహరణ లేకుండా తుమ్మిన పాపాన కూడా పోలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగినదానికి మూలం ఇక్కడే ఉంది కాబట్టి చెబుతున్నాను.

కిందటేడు మార్చిలో మా ఎండీ గారు బెంగుళూరులో మూడు రోజుల సదస్సుకు వెళ్లి ఒక తోలు సంచీ, రెండు పెన్నులు, ఒక ఆలోచన పట్టుకొచ్చారు. సంచీ ఇంట్లో ఉంచుకుని, పెన్నులు జేబుకు తగిలించుకుని, ఆలోచన మాత్రం మా మీదికి వదిలారు. పెద్ద పెద్ద కంపెనీల్లో ఉద్యోగి జీతంలోంచి నెలనెలా కొంత కోసి పక్కన పెడతారట. వైద్యం ఖర్చు వచ్చినప్పుడు బిల్లు చూపిస్తే అందులోంచి ఇస్తారట. ఏడాది తిరిగేసరికి వాడుకోకుండా మిగిలింది మాత్రం కంపెనీదేనట. ఈ చివరి మాట చెబుతున్నప్పుడు ఎండీ గారి మొహం వెలిగిపోయింది. మనం పావు వంతు కలిపి ఇద్దాం, జనం ఎగబడి చేరతారు అన్నారు. దానికి 'సరళ వ్యయ ఖాతా' అని పేరు కూడా ఆయనే పెట్టారు.

"జగ్గారావ్, నాలుగు గంటలకు ఎండీ గారు రాజమండ్రి విమానమునకు బయలుదేరుదురు. ఈలోగా నియమావళి వారి బల్ల మీద ఉండవలెను" అన్నారు త్రిపురాంతకం గారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియదు. ఆఫీసులో మాత్రం ఫైలు భాషే మాట్లాడతారు.

అప్పటికి రెండయింది. బీరువాలన్నీ తిరగేశాను. జీతంలో కోత పెట్టి ఆ డబ్బుతో ఉద్యోగికి ఏదైనా సమకూర్చిన ఫైలు మా సంస్థ చరిత్రలో ఒక్కటే ఉంది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది నాటి సైకిలు అడ్వాన్సు నియమావళి. మొత్తం నలభై ఒక్క రూళ్లు. ఎర్రసిరా పెన్ను తీసుకుని 'సైకిలు' అని ఉన్నచోటల్లా కొట్టేసి, పైన 'వైద్యము' అని రాసుకుంటూ పోయాను. నాలుగయ్యేసరికి ఇరవై రెండో రూలు దాకా వచ్చాను. తక్కినవి అలాగే టైపుకి వెళ్లిపోయాయి.

త్రిపురాంతకం గారు తక్కువవారు కారు. చివరి పేజీలో సైకిలు మిగిలిపోయిందని ఇట్టే కనిపెట్టారు. అన్నీ దిద్దే వ్యవధి లేక నలభై రెండో రూలు ఒకటి స్వహస్తాలతో చేర్చారు: "ఈ నియమావళియందు ఎచ్చటనైనను సైకిలు అని ఉన్నచో, ఖర్చు వలన ఉద్యోగికి లభించిన ఫలితము అని చదువుకొనవలెను." అలాంటి వాక్యం రాయడానికి చదువొక్కటే చాలదు, సర్వీసు కావాలి.

పథకంలో మొదటి లబ్ధి మా అటెండరు యేసుపాదానిది. అమలాపురం దగ్గరి మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. కళ్లజోడు కొనుక్కున్నాడు. ఇరవై మూడో రూలు ప్రకారం సైకిలు తెచ్చి చూపించి, తనిఖీ చేయించుకుని, దాని మీద సంస్థ నంబరు వేయించుకోవాలి. కళ్లజోడు ఎడమ అద్దం మీద తెల్ల పెయింటుతో 'గో.సం.కా. 1' అని వేశాం.

"ఒక కన్నే కదండీ పోయింది, డబ్బులైతే వచ్చేయండి, ఆయ్" అన్నాడు యేసుపాదం. అంత సంతృప్తి గల ఉద్యోగులు ఇప్పుడు దొరకడం లేదు.

గుత్తుల మణిమాల మా ఇన్‌వర్డ్ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటు. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, తేదీ వేసి, సెక్షన్లకు పంపడం ఆమె పని. ఆమె వేసిన నంబరు తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు. ఖాతా మొదలైన ఏప్రిల్‌లోనే నెలకు నాలుగు వేలు కోయించుకుంటానని రాసిచ్చింది. వచ్చే జీతంలో అంత కోతెందుకమ్మా అని అడిగాను.

"ముందొకటి అయిదో నెల్లో పోయిందండి. ఈసారి నిలిస్తే మాత్రం అన్నీ ఉన్న నర్సింగ్‌హోములోనే పురుడు పోసుకోవాలని డాక్టరమ్మ చెప్పిందండి. మా ఆయనది ఏసీలు బాగుచేసే పని. ఎండలున్నన్నాళ్లే డబ్బులండి" అంది.

జనవరి ఆఖరుకి పది కోతలు పడ్డాయి. సంస్థ పావు వంతు కలిపింది. ఖాతాలో యాభై వేలున్నాయి. ఆమెకు అప్పుడు ఎనిమిదో నెల నిండింది. నా ఎడమ మూత్రపిండంలో ఒక రాయి పెరుగుతోందని కూడా ఆ నెలలోనే తేలింది గానీ, ఆ సంగతి తరవాత.

ఫిబ్రవరి మొదటి తేదీ నుంచి ప్రసూతి సెలవు కావాలని దరఖాస్తు పట్టుకుని మణిమాల నా బల్ల దగ్గరికొచ్చింది.

"సెలవుకేమీ అభ్యంతరం లేదమ్మా. కానీ సెలవు మొదలైన రోజు నుంచి నీ ఖాతా నిద్రాణస్థితిలోకి వెళుతుంది" అన్నాను.

"అంటే ఏంటండీ?"

తొమ్మిదో రూలు తీసి చదివి వినిపించాను. "ఉద్యోగి డ్యూటీలో ఉన్న కాలమందు అయిన ఖర్చు మాత్రమే చెల్లును. సెలవులో ఉన్న ఉద్యోగి వైద్యము తొక్కరాదు."

"వైద్యం తొక్కడమేంటండీ బాబూ?"

"భాష కొంచెం పాతదమ్మా. భావం మాత్రం స్పష్టంగానే ఉంది."

"పోనీ సెలవులో కోత ఆగుతుందాండీ?"

"ఆగదు. అది పదో రూలు. సైకిలు ఇంట్లో ఉన్నంత మాత్రాన వాయిదా ఆగదు కదా."

"మరి నా యాభై వేలో?"

"నువ్వు తిరిగి డ్యూటీలో చేరగానే ఖాతా లేస్తుంది. కానీ కాన్పు బిల్లు పెట్టడానికి ఉండదు, అది ఖాతా నిద్రలో ఉండగా అయిన ఖర్చు. ఈలోపల మార్చి ముప్పయ్యొకటి వస్తుంది. మిగిలిందంతా సంస్థ సంక్షేమ నిధికి పోతుంది."

మణిమాల నా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కుర్చీ వేయించాను. కూర్చోలేదు.

"అంటే నా డబ్బు నాకు రావాలంటే నేను డ్యూటీలో ఉండే కనాలన్న మాట. పది నుంచి అయిదు లోపల. అంతేనాండీ?" అంది.

వెటకారంగానే అంది. ఆ మాత్రం నాకూ అర్థమైంది. కానీ నోటు ఫైలులో వెటకారానికి వేరే చోటు లేదు. "ఉద్యోగిని ప్రత్యామ్నాయముగా డ్యూటీయందే ప్రసవించుటకు సుముఖత తెలిపినది" అని రాసి పైకి పంపాను.

త్రిపురాంతకం గారు ఆ వాక్యం కింద రెండు గీతలు గీసి నన్ను పిలిచారు.

"శ్లాఘనీయము! సంస్థ పట్ల ఇట్టి అంకితభావము నా సర్వీసులో చూడలేదు. అయితే కార్యాలయ ఆవరణయందు ప్రసవమునకు తగిన వసతి లేదు. స్టోరు గదిలో ఎలుకలున్నవి. ఉద్యోగిని కార్యాలయమునకు రాలేనప్పుడు కార్యాలయమే ఉద్యోగిని వద్దకు పోవలెను. పూర్వోదాహరణ ఉన్నదా?"

ఉంది. తుపాను వచ్చిన ఏడాది ఆఫీసులోకి మోకాల్లోతు నీళ్లొస్తే మూడు రోజులు కళ్యాణ మండపంలో విడిది కార్యాలయం నడిపాం. ఆ ఫైలు తీసి 'కళ్యాణ మండపము' కొట్టేసి 'ప్రసూతి గది' అని రాశాను. 'తుపాను తీరము దాటు వరకు' అన్న మాటలు మాత్రం అలాగే ఉండనిచ్చాను. ఎందుకో అవి సరిపోతాయనిపించింది.

ఉత్తర్వు వెలువడింది. నర్సింగ్‌హోము ప్రసూతి గది, మంచం నంబరు ఆరు, నొప్పులు మొదలైన రోజు నుంచి మా విడిది కార్యాలయం. హాజరు పట్టీతో ఒక సూపరింటెండెంటు, ఒక అటెండరు అక్కడ ఉండాలి. పనివేళలు పది నుంచి అయిదు. ఒకటిన్నర నుంచి రెండు దాకా భోజన విరామం. ఆదివారాలు, రెండో శనివారం సెలవు. సదరు వేళలకు వెలుపల ప్రసవం జరగకుండా చూసుకోవలసిన బాధ్యత ఉద్యోగినిదే.

"సూపర్నెంట్ గారండీ, ఇది నా చేతుల్లో ఉంటుందాండీ?" అని అడిగింది మణిమాల.

"ఉండదమ్మా. అందుకే 'సాధ్యమైనంత వరకు' అన్న మాట చేర్పించాను" అన్నాను. నా చేతనైన సాయం అప్పటికి అంతే.

కాన్పయ్యాకే సెలవు పెట్టుకుంటానని దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఫిబ్రవరి అంతా నిండు నెలలతో మేడ మీదికి మెట్లెక్కి వచ్చింది. ప్రతి మలుపులో ఆగి, పిట్టగోడ పట్టుకుని, ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎక్కేది. చూస్తుంటే నాకు ఆయాసం వచ్చేది. ఒకరోజు తొమ్మిదో రూలు మరోసారి తీసి చదివాను. కొట్టివేతలన్నీ నా ఎర్రసిరావే.

ఫిబ్రవరి ఇరవై ఆరున పొద్దున్న ఎనిమిదింటికి మణిమాల భర్త సూరిబాబు ఫోను చేశాడు. నొప్పులు మొదలయ్యాయన్నాడు. హాజరు పట్టీ, స్టాంపు ప్యాడు, బోర్డు, నా భోజనం క్యారియరు ఆటోలో వేసుకుని యేసుపాదమూ నేనూ నర్సింగ్‌హోముకి చేరాం. యేసుపాదం గది తలుపుకి బోర్డు తగిలించాడు: "గోనెసంచుల కార్పొరేషన్, విడిది కార్యాలయం. పని లేనిదే లోనికి రాకూడదు."

సరిగ్గా పదికి నర్సు చేత హాజరు పట్టీ లోపలికి పంపాను. మణిమాల నొప్పికీ నొప్పికీ మధ్య సంతకం పెట్టింది. కొమ్ములు కాస్త వంకర పోయాయి గానీ గుర్తుపట్టేలాగే ఉంది.

డ్యూటీ అంటే ఊరికే పడుకోవడం కాదు, కనీసం ఒక్క కాగితమైనా పరిష్కరించాలని త్రిపురాంతకం గారి షరతు. ఏ కాగితం ఇవ్వాలా అని నేను తర్జనభర్జన పడుతుండగా డాక్టరమ్మ విసురుగా బయటికొచ్చింది.

"ఎవరయ్యా మీరంతా? నా లేబర్ రూముకి ఈ బోర్డేంటి? ఆ పిల్ల నొప్పులు పడుతుంటే సంతకాలేంటి? బుద్ధుందా?"

"ఇదే విషయం తమరు రాతపూర్వకంగా ఇస్తే పరిశీలిస్తామండి" అన్నాను.

ఆవిడ మందుల చీటీ మీద నాలుగు లైన్లు బరికి నా మొహాన విసిరింది. అందులో ఉన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. కాగితం కాగితమే కాబట్టి లోపలికి పంపాను. పది నిమిషాలకు తిరిగొచ్చింది. దాని మీద 'ఇన్‌వర్డ్ నం. 614' అని ఉంది, తేదీ ఉంది, 'ఎస్టాబ్లిష్‌మెంటుకు' అని కూడా ఉంది. అంత నొప్పిలోనూ నంబరు తప్పలేదు. ముందు రోజు ఆఖరి కాగితం 613.

తరవాత కేకలు మొదలయ్యాయి. సూరిబాబు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు. ధైర్యం చెబుదామని దగ్గరికి వెళ్లాను.

"పర్లేదండి. పోయినసారి ఇలా అరవలేదండి. గోడకేసి తిరిగి నోరెత్తకుండా పడుకుందండి. ఇప్పుడు ఇంతలా అరుస్తుంటే నాకు కాస్త ధైర్యంగానే ఉందండి" అన్నాడు. మళ్లీ తిరగడం మొదలుపెట్టాడు.

ఒకటిన్నరయింది. భోజన విరామం. తినాలని లేదు, అయినా విరామం విరామమే. బెంచీ మీద క్యారియరు విప్పాను. వంకాయ కూర, మజ్జిగ, రాయి కోసం మా ఆవిడ కాచిచ్చిన బార్లీ నీళ్లు. రెండో ముద్ద నోట్లో ఉండగా లోపల్నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. నర్సు తలుపు తీసి, "ఆడపిల్ల! ఇద్దరూ బావున్నారు" అంది. సూరిబాబు గోడ వెంబడే కిందికి జారిపోయి మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. యేసుపాదం నంబరు వేసిన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నేను వాచీ చూసుకున్నాను. నా అలవాటు మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. ఒంటిగంట నలభై ఏడు.

పట్టీలో ఉన్నదున్నట్టు రాశాను. నర్సింగ్‌హోము సర్టిఫికెట్టులోనూ అదే టైము ఉంది. లేకపోతే ఏం రాసేవాడినో చెప్పలేను.

త్రిపురాంతకం గారు ఇద్దరు అధికారులను వెంటబెట్టుకుని కమిటీగా కూర్చున్నారు. సంగతి గంటన్నరలో తేల్చేశారు.

"భోజన విరామమందు ఉద్యోగి స్వతంత్ర వ్యక్తి. ఆ అర్ధగంటలో ఉద్యోగి ఏమి ప్రసవించినను సంస్థకు సంబంధము లేదు" అన్నారు.

"నొప్పులు ముందే మొదలయ్యాయి కదండీ" అన్నాను, అడక్కపోయినా.

"ఎనిమిది గంటలకు మొదలైనవి. అదియు డ్యూటీ కాదు. ఆరంభము డ్యూటీలో లేదు, అంతము డ్యూటీలో లేదు. మధ్యలో ఉన్నదే డ్యూటీ. ఆ మధ్యలో సంభవించినది ఇన్‌వర్డ్ నంబరు 614 ఒక్కటే. దానికి ఖర్చు కాలేదు."

పై నుంచి స్పష్టత కోరుతూ ప్రభుత్వానికి రాయాలని తీర్మానించారు. ఈలోగా ఇరవై మూడో రూలు తప్పకూడదు. ఫలితాన్ని మార్చి ముప్పయ్యొకటిలోగా ఆఫీసుకు తెచ్చి తనిఖీ చేయించుకోవాలి. లేదంటే ఖాతా మురిగిపోతుంది.

నర్సింగ్‌హోము బిల్లు కట్టడానికి మణిమాల చేతి గాజులు కుదువ పెట్టారని యేసుపాదం చెప్పాడు. పాప ఇరవయ్యొకటో రోజుకి కూడా అవి చేతికి రాలేదట. ఉయ్యాల్లో వేసి పేరు పెట్టేటప్పుడు ఎర్ర మట్టిగాజులు వేసుకుందట. పేరు వెన్నెల.

ఆ మర్నాడు మణిమాల ఫోను చేసింది.

"పాపని ఆఫీసుకి తేవాలటండీ?"

"అవునమ్మా."

"తనిఖీ చేస్తారాండీ?"

"ఫారం ఉందమ్మా."

మణిమాల నెమ్మదిగా అంది: "ఆ రూల్సు కాపీ ఒకటి యేసుపాదం గారితో పంపండి. ఏడాది పొడుగునా కోయించుకున్నదాన్ని, ఒకసారైనా మొత్తం చదువుకోవద్దాండీ?"

పంపాను. ముఖ్యమైన చోట ఎర్రసిరాతో గీత గీయడం నాకు మొదట్నుంచీ అలవాటు. ఇరవై నాలుగో రూలు కింద గీత పడింది. నేను ఎవరి పక్షమూ కాదు.

మార్చి ముప్పయ్యొకటి పదకొండు గంటలకు మణిమాల వచ్చింది. తలకు గుడ్డ, చెవుల్లో దూది, చేతుల్లో టవలు చుట్టిన పాప. వెనకాల సూరిబాబు. నేను సైకిలు తనిఖీ ఫారం తీసుకుని వాళ్ల వెంట త్రిపురాంతకం గారి గదిలోకి వెళ్లాను.

"వస్తువును బల్ల మీద ఉంచుడు" అన్నారాయన.

మణిమాల పాపను ఫైళ్ల ట్రే పక్కన పడుకోబెట్టింది. పాప ఆదమరిచి నిద్రపోతోంది.

"సంస్థ నంబరు వేయవలసిన స్థలము?"

"బుగ్గ మీద దిష్టిచుక్క ఉందండి. అదే మీ గుర్తనుకోండి."

"చైను?"

"వెండి మొలతాడుందండి."

"గంట?"

మణిమాల వంగి పాప నుదుటి మీద ముద్దు పెట్టింది. తరవాత నిటారుగా నిలబడి, సంచీలోంచి రూల్సు కాపీ తీసి, ఎర్ర గీత ఉన్నచోట చదివింది.

"రూలు ఇరవై నాలుగు. తనిఖీకి తెచ్చిన సైకిలు, ఖాతా పరిష్కారమగు వరకు సంస్థ ఆస్తిగా భావింపబడును. దానిని సంస్థయే భద్రపరచి, దాని యోగక్షేమములు చూడవలెను. ఉద్యోగి అందులకు రసీదు పొందవలెను." తల ఎత్తింది. "సైకిలంటే ఫలితమని తమరే రాశారు కదండీ. ఫలితం మీ బల్ల మీద ఉంది. రసీదు ఇప్పించండి."

త్రిపురాంతకం గారు రూలు చూశారు, పాపను చూశారు, నన్ను చూశారు. నేను అప్పటికే రసీదు రాసేశాను: 'ఒకటి, ఆడ, మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు, సంతృప్తికరమైన స్థితి.' రూలు కాదనడం ఆయన రక్తంలో లేదు. సంతకం పెట్టారు.

"పాలు ఇందాకే పట్టానండి. గంట సంగతి మీరే చూసుకోండి" అని మణిమాల సూరిబాబును వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

నేను కిటికీలోంచి చూశాను. గేటు దాకా కూడా వెళ్లలేదు. సైకిలు షెడ్డులో గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. లోపల ఎంత నిబ్బరంగా చదివిందో బయట అంతలా కుమిలిపోతోంది. ఒకటి పోగొట్టుకున్న మనిషి, ఉన్నదాన్ని మా బల్ల మీద వదిలి వెళ్లింది. ఆ నియమావళి రాసిన చేతిని జేబులో దాచుకున్నాను.

త్రిపురాంతకం గారు మాత్రం చలించలేదు. "జగ్గారావ్, గంట కాలము ఖాళీగా ఉన్నది. పరీక్షింపక ఎట్లు పూరింతుము?" అంటూ బల్ల మీది గంటను పాప చెవి దగ్గర టింగుమనిపించారు.

ఫారం పూర్తి చేయడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. గంట: బాగుగా మోగుచున్నది. లైట్లు: రెండు, తెరచి ఉన్నవి. సీటు: తడిగా ఉన్నది. బ్రేకులు: లేవు.

"దీనిని ఆపుము! యేసుపాదం, ఎత్తుకొనుము!"

"సంస్థ ఆస్తిని అటెండర్లు ముట్టరాదని తమరే ఆర్డరేసేరండి, టైపుమిషను పోయినప్పుడు" అన్నాడు యేసుపాదం, చేతులు వెనక్కి కట్టుకుని. "ఆస్తులకి తమరే ఇన్‌ఛార్జండి, ఆయ్. ఎత్తుకుని తిప్పాలండి. నిలబడితే ఒప్పుకోదండి."

త్రిపురాంతకం గారు పాపను ఎత్తుకున్నారు. నాలుగడుగులు వేశారు. ఏడుపు ఆగింది. ఆయనా ఆగారు. ఏడుపు మళ్లీ అందుకుంది. నడవక తప్పలేదు. గదిలో చోటు చాలక హాల్లోకి వచ్చారు. నేను ఫైలు పట్టుకుని వెనకే నడిచాను. మా ఆఫీసులో ఫైలు ఏడు బల్లలు దాటాలి. బల్లకు పక్షం చొప్పున మూడున్నర నెలలు పడుతుంది. ఆ రోజు అధికారే స్వయంగా బల్ల నుంచి బల్లకు నడుస్తున్నారు. పాప అరుస్తోంది. ఏ బల్ల ముందూ క్షణం ఆగడానికి లేదు. జనం లేచి నిలబడి, నడుస్తున్న ఫైలు మీదే సంతకాలు పెట్టారు.

ఆరో బల్ల దగ్గర ఆడిట్ ఆయన అడ్డుపడ్డాడు. "భోజన విరామం అభ్యంతరం అలాగే ఉందండి."

త్రిపురాంతకం గారు ఆగిపోయారు. పాప హాలు కప్పు ఎగిరిపోయేలా కేక పెట్టింది. ఎండీ గారు గది తలుపు తీసి, పరిపాలనాధికారి చేతుల్లోని బిడ్డను చూసి, ఏమీ అడక్కుండా మళ్లీ తలుపు వేసుకున్నారు.

"ఏదో దారి చూపవయ్యా బాబూ, జగ్గారావూ!" అన్నారు త్రిపురాంతకం గారు. ఆయన నోట మామూలు తెలుగు వినడం నా సర్వీసులో అదే మొదలు.

"ఆ రోజు ఆవిడ భోజనం చేయలేదండి. చేసింది నేను. భోజనం చేయనివాళ్లకి భోజన విరామం ఎక్కడిదండీ? ఆవిడ డ్యూటీలోనే ఉన్నారండి" అన్నాను.

"రాయి! అదే రాయి! పూర్వోదాహరణ?"

"ఉపవాసం రోజుల్లో మీరు విరామంలో కూడా ఫైళ్లు చూస్తారు కదండీ."

ఆడిట్ ఆయన సంతకం పెట్టాడు. ఏడో బల్ల మీద చెక్కు రాశారు. తలుపు సందులోంచి లోపలికి పంపితే ఎండీ గారు బెంగుళూరు పెన్నుతో సంతకం చేసి అదే సందులోంచి బయటికిచ్చారు. మొత్తం పంతొమ్మిది నిమిషాలు.

యేసుపాదం పరిగెత్తుకెళ్లి చెప్పాడు. మణిమాల మెట్లెలా ఎక్కిందో తెలియదు. చెక్కు వంక చూడను కూడా చూడలేదు. పాపను లాక్కున్నట్టు తీసుకుని గుండెలకు హత్తుకుంది. గంట ఠక్కున ఆగింది. చెక్కు వెనకాలే వచ్చిన సూరిబాబు తీసుకున్నాడు. వస్తువు తరుగు లేకుండా ముట్టినట్టు సంతకం కావాలని నేనడిగితే, పాపను దించకుండానే ఎడమ చేత్తో పెట్టింది.

త్రిపురాంతకం గారు తడిసిన చొక్కాతో అలాగే నిలబడ్డారు. "నిద్రపోయిందా?" అని అడిగారు, చాలా మెల్లిగా.

మర్నాడే ఆయన మళ్లీ ఫైలు భాషలోకి వచ్చారు. సరళ వ్యయ ఖాతా క్రింద సంపూర్ణముగా పరిష్కారమైన ఆసుపత్రి కేసు ఇదియొక్కటే గనుక, ఇకపై అన్ని వైద్య వ్యయములకు మణిమాల ఫైలునే పూర్వోదాహరణగా గైకొనవలెనని ఉత్తర్వు ఇచ్చారు. సైకిలు ఫారం రద్దయింది. నేను సంతోషించాను.

ఆగస్టు నెలాఖరున మణిమాల సెలవు ముగించుకుని చేరింది. చేతులకు బంగారు గాజులున్నాయి. ఆమెను నా సెక్షన్‌కే వేశారు. ఆ పై నెలలోనే నా రాయి కదిలింది. మూడు రోజులు నేలకీ మంచానికీ మధ్య దొర్లాను. చివరికి ఆపరేషను చేసి తీశారు. సెలవు పెట్టకుండా, ఆసుపత్రి మంచాన్నే విడిది కార్యాలయం చేసుకుని, దాని మీదే హాజరు సంతకం పెట్టి, పని వేళల్లోనే తీయించుకున్నాను. బిల్లులు పట్టుకుని మణిమాల బల్ల ముందు నిలబడ్డాను.

"వస్తువు తెచ్చారాండీ?" అంది, నవ్వు బిగబట్టుకుని.

రాయిని చిన్న సీసాలో పెట్టి తెచ్చాను. బల్ల మీద ఉంచాను. ఆమె కొత్త ఫారం నా ముందుకు తోసింది. టైముకి మార్పులన్నీ చేయలేకపోయారట. ప్రసవించిన తేదీ, టైము రాశాను. బరువు: రెండు గ్రాములు. ఆడా, మగా అన్నచోట గీత పెట్టాను. పాలు తాగుచున్నదా అంటే లేదని రాశాను. ఆఖరి ప్రశ్న దగ్గర ఆగాను: 'పుట్టిన వెంటనే ఏడ్చినదా?'

ఫారంలో ఉన్నదున్నట్టు రాయడం మా సెక్షన్ సంప్రదాయం. "రాయి ఏడవలేదు. నేనే ఏడ్చాను" అని రాసి సంతకం పెట్టాను.